గోటితో పోయేది గొడ్డలి దాకా రానివ్వకండి

(కీమోథెరపీ పొందుతున్నవారి గోళ్ల గురించి వార్డు సిస్టర్ల మాట)



కీమోథెరపీ అనగానే అందరికీ ముందుగా గుర్తొచ్చేవి జుట్టు రాలడం, వాంతులు, నీరసం. వీటి గురించి రోగులు అడుగుతారు, బంధువులు అడుగుతారు, పాస్టరుగారు కూడా ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటారు. గోళ్ల గురించి మాత్రం ఎవరూ అడగరు. సెలైన్ పెట్టడానికి మేము ఒక చెయ్యి పట్టుకున్నప్పుడు రెండో చెయ్యి కొంగు కింద దాచుకుని కూర్చునేవారిని చూస్తుంటాం. బతిమాలి చూస్తే గోళ్లు నల్లబడి, అడ్డగీతలు పడి, ఒకటి రెండు లేచిపోయి ఉంటాయి. "ఎన్నాళ్ల నుంచి అమ్మా?" అంటే, "రెండు నెలలైంది సిస్టర్. ఇంత పెద్ద జబ్బుకు వైద్యం చేయించుకుంటూ గోళ్ల సంగతి ఏం చెప్పమంటారు?" అంటారు.

ఆ మాటకు జవాబుగానే ఈ వ్యాసం. కీమో వల్ల గోళ్లలో వచ్చే మార్పులు చాలావరకు ప్రమాదం లేనివి, కొంతకాలానికి పోయేవి. కానీ చెప్పకుండా దాచుకుంటే రెండు నష్టాలున్నాయి. లేచిన గోటి కింద చీము పట్టి, తెల్ల రక్తకణాలు తక్కువగా ఉన్న రోజుల్లో జ్వరం వస్తే ప్రాణం మీదికి రావచ్చు. నొప్పికి భయపడి, ఎవరికీ చెప్పకుండా కీమోకు రావడం మానేస్తే క్యాన్సర్ తిరగబెట్టవచ్చు. మన పెద్దలు గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని ఊరికే అనలేదు.

గోరు ఎందుకు దెబ్బతింటుంది?

మనకు పైకి కనిపించే గోరు ప్రాణం లేని గట్టి పలక. దాన్ని తయారుచేసే కుదురు గోటి మొదట్లో, చర్మం కింద ఉంటుంది. బొటనవేలి గోటి మొదట్లో తెల్లటి చంద్రవంకలా కనిపించేది ఆ కుదురులో ఒక భాగమే. అక్కడి కణాలు ఎప్పుడూ విభజన చెందుతూ కొత్త గోటిని ముందుకు నెడుతూ ఉంటాయి.

కీమో మందులు వేగంగా పెరిగే కణాలను దెబ్బతీస్తాయి. క్యాన్సర్ కణాలు అలాంటివే. జుట్టు కుదుళ్లు, నోటిలోని పొర, ఎముక మజ్జ, గోటి కుదురు కూడా అలాంటివే. అందుకే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, రక్తకణాలు తగ్గుతాయి, గోళ్లు మారతాయి. కొన్ని మందులు గోటి కింద ఉండే మెత్తటి చర్మాన్ని కూడా దెబ్బతీస్తాయి. అప్పుడు గోటికీ వేలికీ మధ్య ఉన్న పట్టు సడలి గోరు లేస్తుంది.

చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు, కాలి గోరు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతాయి. అందువల్ల కుదురులో ఈరోజు జరిగిన దెబ్బ పైకి కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. జుట్టు రెండు మూడు వారాల్లోనే రాలితే, గోళ్లు చాలామందిలో కొన్ని సైకిళ్లు అయ్యాక మారతాయి. "మొదట్లో లేనిది ఇప్పుడెందుకు వచ్చింది?" అని కంగారు పడేవారికి మేము చెప్పేది ఇదే.

ఏ మందుకు ఏ మార్పు?

గోళ్లపై అడ్డంగా పడే గాళ్లు అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తాయి. కీమో ఇచ్చిన ప్రతిసారీ కుదురు కొద్దిరోజులు పని తగ్గిస్తుంది, తర్వాత మళ్లీ మొదలుపెడుతుంది. ఆ విరామమే గోటిపై గాడిగా మిగులుతుంది. వీటిని 1846లో ఫ్రెంచి వైద్యుడు బో వర్ణించారు. అందుకే వైద్యులు వీటిని బో గీతలు అంటారు. తీవ్రమైన జ్వరం వచ్చి తగ్గినవారిలోనూ ఇవి కనిపిస్తాయి. 21 రోజులకొకసారి కీమో తీసుకునేవారి చేతి గోటిపై గీతకూ గీతకూ మధ్య దూరం సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది. వాటిని లెక్కపెడితే ఎన్ని సైకిళ్లయ్యాయో చెప్పవచ్చు. వీటికి మందు అక్కర్లేదు. గోరు పెరిగేకొద్దీ అవే ముందుకు జరిగి పోతాయి.

గోళ్లు నల్లబడటం, గోధుమరంగు పట్టీలు పడటం మనవాళ్లలో బాగా కనిపిస్తుంది. చామనఛాయ, నలుపు శరీరఛాయ ఉన్నవారిలో ఇది ఎక్కువ. సైక్లోఫాస్ఫమైడ్, ఎర్రరంగులో ఉండే డాక్సోరూబిసిన్, 5-ఎఫ్‌యూ, కేపిసిటాబిన్ మాత్రలు, బ్లియోమైసిన్, హైడ్రాక్సీయూరియా వంటి మందులతో ఇలా జరుగుతుంది. చూడటానికి బాగుండదే తప్ప నొప్పి ఉండదు, హాని లేదు.

గోరు లేవడం, గోటి కింద రక్తం గడ్డకట్టడం, వేలి కొసలు సలపడం ముఖ్యంగా పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ మందులతో వస్తాయి. రొమ్ము క్యాన్సర్‌కు చాలామందికి ముందు కొన్ని సైకిళ్లు ఎర్రమందు, తర్వాత వారం వారం పాక్లిటాక్సెల్ ఇస్తారు. అలాంటివారికి మొదటి దశలో గోళ్లు నల్లబడి, రెండో దశలో లేవడం మొదలవుతుంది. మా దృష్టిలో ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఈ రెండో దశ.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడే జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ మాత్రలు, కొన్ని క్యాన్సర్లకు ఇచ్చే సెటుక్సిమాబ్ ఇంజెక్షన్ కీమో కోవలోకి రావు. ఇవి క్యాన్సర్ కణంలోని ఒక గురిని పట్టి పనిచేసే మందులు. వీటితో గోటి పక్కన చర్మం వాచి, ఎర్రబడి, గోరుచుట్టులా వస్తుంది. మందు మొదలుపెట్టిన ఒకటి రెండు నెలల తర్వాత ఇది కనిపించడం మామూలు.

గోరు ఒక్కటే చూసి ఊరుకోకండి. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండితే, పొట్టులేస్తే, వేళ్లు తిమ్మిరెక్కితే అవి వేరే దుష్ప్రభావాలు. వాటిని కూడా చెప్పాలి.

ఇది అంటువ్యాధి కాదు, శాపమూ కాదు

నల్లబడిన గోళ్లు చూసి కొందరు ఇది కుష్ఠు అని అనుమానపడతారు. కొందరు చేతబడి అంటారు. కొందరు, "మందు వికటించింది, ఒళ్లు లోపలి నుంచి కుళ్లిపోతోంది" అంటారు. ఇవేవీ నిజం కాదు. కీమో వల్ల మారిన గోరు ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఆ చేత్తో వండిన కూర తినవచ్చు, ఆ చేతిని పట్టుకుని ప్రార్థించవచ్చు. ప్రభువు బల్ల దగ్గర చెయ్యి చాపడానికి సిగ్గుపడి వెనక వరుసలో కూర్చునే అక్కలున్నారు. వారిని పక్కన కూర్చోబెట్టుకోవడం సంఘం చేయగలిగిన వైద్యం. శరీరంలో బలహీనంగా కనిపించే అవయవాలు మరింత అవసరమైనవని అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘానికి రాశాడు కదా.

గోళ్లు ఎక్కువగా మారితే మందు బాగా పనిచేస్తున్నట్టు, మారకపోతే పనిచేయనట్టు అనుకోవడం కూడా పొరపాటే. మందు పనితనాన్ని డాక్టరుగారు స్కాన్ చూసి, గడ్డను పరీక్షించి చెబుతారు. గోళ్లను బట్టి మనం తీర్పు చెప్పుకోకూడదు.

మొదటి సైకిల్‌కు ముందే చేయవలసినవి

మొదటి రోజే మీ రెండు చేతులు, రెండు పాదాలు నర్సుకు చూపించండి. పాత గోరుచుట్టు, లోపలికి పెరిగిన గోరు, కాలివేళ్ల మధ్య ఒరుపు ఉంటే ముందే మందు వాడటం మంచిది. షుగరు ఉన్నవారు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

గోళ్లను పొట్టిగా, తిన్నగా కత్తిరించుకోండి. కాలి గోళ్ల మూలలను లోపలికి కత్తిరించకండి, మూల లోపలికి పెరుగుతుంది. బ్లేడు వద్దు, నెయిల్ కట్టర్ వాడండి. ఆ కట్టర్ రోగికి వేరుగా ఉంచి, వాడే ముందు స్పిరిట్ దూదితో తుడవండి.

బిగుతుగా ఉన్న ఉంగరాలు, మెట్టెలు ముందే తీసి ఇంట్లో జాగ్రత్త చేయండి. వేళ్లు వాచాక తీయడం కష్టం. మెట్టెలు తీయడానికి మనసొప్పని తల్లులకు మేము చెప్పేది ఒకటే. వైద్యం అయ్యేదాకా తీసి ఉంచితే అవి మళ్లీ పెట్టుకోవచ్చు, వేలికి పుండు పడితే పెట్టుకునే చోటే ఉండదు.

గోళ్లరంగు, గోరింటాకు గురించి చాలామంది అడుగుతారు. కీమోకు వచ్చే రోజు గోళ్లు శుభ్రంగా, రంగు లేకుండా ఉంటే మాకు మేలు. రంగు ఉంటే గోటి అసలు రంగు కనిపించదు. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే క్లిప్పు కూడా ముదురు రంగు మీద సరిగా చూపకపోవచ్చు. ఇంట్లో పెళ్లి వచ్చింది, క్రిస్మస్ వచ్చింది, గోరింటాకు పెట్టుకోవాలని ఉందంటే డాక్టరుగారిని అడిగి, పుండు గాని లేచిన గోరు గాని లేకపోతే ఇంట్లో రుబ్బిన ఆకు పెట్టుకోండి. త్వరగా నల్లగా పండుతుందని చెప్పి అమ్మే కోన్లు వద్దు. వాటిలో కలిపే రసాయనంతో బొబ్బలెక్కవచ్చు.

ఇంట్లో రోజూ తీసుకోవలసిన జాగ్రత్తలు

గోటికి పెద్ద శత్రువు నీటిలో నానడం. అంట్లు తోమడం, బట్టలుతకడం, చింతపండు పిసకడం, పేడతో కళ్లాపి చల్లడం, ఇవన్నీ మన ఇళ్లలో ఆడవారి చేతుల మీదుగా జరిగే పనులు. కీమో నడిచినన్నాళ్లు ఈ పనులు ఇంట్లో వేరొకరు చేయాలి. చేసేవారు లేకపోతే లోపల నూలు గ్లౌజు, పైన రబ్బరు గ్లౌజు వేసుకుని చేయండి. ఎక్కువసేపు వేసుకుని ఉండకండి, లోపల చెమట పట్టి మళ్లీ అదే నాను. పేడ, మట్టి పనులు పూర్తిగా మానండి. వరినాట్లు, కలుపుతీత, మిరపకాయల కోత, పత్తితీత వంటి కూలిపనులకు వెళ్లేవారు ఎప్పుడు తిరిగి వెళ్లవచ్చో డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి.

చేతులు, పాదాలు గోరువెచ్చని నీటితో, ఘాటు లేని సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా మెత్తటి బట్టతో అద్దండి. తర్వాత గోళ్ల చుట్టూ కొబ్బరినూనె గాని వాసెలిన్ గాని రాయండి. పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి రాస్తే చాలు. ఖరీదైన క్రీము అవసరం లేదు.

అన్నం కలుపుకునేటప్పుడు ఆవకాయ కారం లేచిన గోటి కిందికి పోతే ఆ మంట అనుభవించినవారికే తెలుసు. మెతుకులు కూడా గోటి కింద ఇరుక్కుంటాయి. గోళ్లు బాగయ్యేవరకు చెంచాతో తినండి. మొదట్లో అన్నం తిన్నట్టే ఉండదు, నాలుగు రోజులకు అలవాటవుతుంది.

ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోండి. బయటికి వెళ్లేటప్పుడు వేళ్లు బయటికి రాని, బిగుతు లేని బూట్లు మేలు. గుడి బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లడం మన సంఘాల్లో అలవాటు. అలాంటప్పుడు నూలు సాక్సులు వేసుకుని వెళ్లండి. పాక్లిటాక్సెల్ వంటి మందులతో పాదాలు తిమ్మిరెక్కినవారికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, చెప్పు జారిపోయినా తెలియదు. వారు రోజూ రాత్రి పాదాలను కళ్లతో చూసుకోవాలి. వంగలేనివారి పాదాలను ఇంట్లోవారు చూడాలి.

తిండి విషయంలో ఒక మాట. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని పథ్యం పెట్టి రోగిని చారన్నంతో ఉంచే ఇళ్లున్నాయి. గోరు ప్రొటీనుతో తయారవుతుంది. రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ బాగా తగ్గితే గోళ్లపై తెల్లటి అడ్డపట్టీలు పడతాయి. పప్పు, గుడ్డు, పాలు, చేపలు, మాంసం ఏది సయిస్తే అది తినాలి. డాక్టరుగారు వద్దన్నవి మాత్రమే మానాలి. ఇక గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు కొంటుంటారు. కీమో వల్ల చెడిన గోళ్లకు అవి మేలు చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. పైగా థైరాయిడ్, గుండెకు సంబంధించిన కొన్ని రక్తపరీక్షల ఫలితాలను అవి తప్పుగా చూపించగలవు. మమ్మల్ని అడగకుండా వాడకండి.

గోరు లేచినప్పుడు

లేచిన గోటిని ఎప్పుడూ పీకకండి. కింది చర్మం పచ్చిగా ఉంటుంది, గోరే దానికి మూత. వేలాడే ముక్కను మాత్రం జాగ్రత్తగా కత్తిరించి, మిగిలింది బట్టకు, జుట్టుకు తగులుకోకుండా పేపరు ప్లాస్టర్‌తో వదులుగా చుట్టండి. తడిసిన ప్లాస్టర్‌ను వెంటనే మార్చండి. పిన్నీసుతో, అగ్గిపుల్లతో గోటి కింద తోడకండి. గోటి పక్కన లేచిన చర్మపు పీచును పళ్లతో లాగకండి, చిన్న కత్తెరతో కత్తిరించండి.

గోటి కింద నల్లగా రక్తం గట్టి సలుపుతుంటే సూది కాల్చి గుచ్చే అలవాటు కొందరికుంది. అలా చేయవద్దు. ఆసుపత్రికి రండి. అవసరమైతే శుభ్రమైన పద్ధతిలో ఆ రక్తాన్ని బయటికి తీస్తారు. అలాగే గోరుచుట్టుకు వేలికి నిమ్మకాయ తొడగడం, పసుపు సున్నం కట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. ఆరోగ్యంగా ఉన్నవారి సంగతి వేరు. కీమోలో ఉన్నవారి చర్మం పలుచబడి ఉంటుంది. సున్నం కాలుస్తుంది, నిమ్మకాయ కింద తడి చేరి చీము పెరుగుతుంది. కట్టు విప్పేవరకు లోపల ఏం జరుగుతోందో కనిపించదు.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు ఎరుపు తగ్గినట్టు కనిపించి, లోపల ఇన్ఫెక్షన్ పెరగవచ్చు. స్టెరాయిడ్ అవసరమైన గోరుచుట్టులూ ఉన్నాయి, యాంటిబయాటిక్ అవసరమైనవీ ఉన్నాయి, ఫంగస్ మందు అవసరమైనవీ ఉన్నాయి. ఏది ఏదో చూసి చెప్పవలసింది డాక్టరుగారు.

చలి గ్లౌజులు

గోళ్లు లేవకుండా ముందే ఆపే మార్గం ఒకటుంది. మందు ఎక్కుతున్న సమయంలో వేళ్లను చల్లగా ఉంచితే అక్కడి రక్తనాళాలు ముడుచుకుని, గోటి కుదురుకు చేరే మందు తగ్గుతుంది. 2005లో ఫ్రాన్స్ వైద్యులు డోసిటాక్సెల్ తీసుకునే 45 మందికి ఒక చేతికి మాత్రమే చలి గ్లౌజు తొడిగి చూశారు. గ్లౌజు లేని చేతుల్లో 51 శాతం గోళ్లు దెబ్బతింటే, గ్లౌజు ఉన్న చేతుల్లో 11 శాతమే దెబ్బతిన్నాయి. మందు మొదలయ్యే 15 నిమిషాల ముందు నుంచి, మందు ఎక్కే గంట, ఆ తర్వాత మరో 15 నిమిషాలు, మొత్తం గంటన్నర గ్లౌజు ఉంచారు. 2008లో పాదాలకు చలి సాక్సులు తొడిగి కూడా ఇలాంటి మేలే చూపించారు.

డోసిటాక్సెల్ గాని పాక్లిటాక్సెల్ గాని మొదలుపెట్టేవారు "చలి గ్లౌజు వీలవుతుందా?" అని ముందే అడగండి. అన్ని ఆసుపత్రుల్లో ఇవి ఉండవు. ఇంటి నుంచి ఐసు ముక్కలు తెచ్చి నేరుగా వేళ్లకు పెట్టుకోవద్దు, చర్మం చలికి కాలినట్టవుతుంది. ఆక్సాలిప్లాటిన్ అనే మందు తీసుకునేవారు వీటి జోలికే వెళ్లకూడదు. ఆ మందుతో చల్లని వస్తువు తాకితేనే వేళ్లు జివ్వుమని తిమ్మిరెక్కుతాయి. చలికి వేళ్లు తెల్లబడే జబ్బు ఉన్నవారు కూడా డాక్టరుగారికి ముందే చెప్పాలి.

వెంటనే రావలసిన సందర్భాలు

ఈ భాగాన్ని కత్తిరించి గోడకు అంటించుకున్నా మంచిదే.

1. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్ గాని, అంతకు మించి గాని ఉంటే. గోటి నొప్పి ఉన్నా లేకపోయినా రావాలి.
2. వణుకు, చలి పుట్టడం, కళ్లు తిరగడం, మగతగా ఉండడం. జ్వరం లేకపోయినా రావాలి.
3. గోటి చుట్టూ వాపు, ఎరుపు, చీము, చెడువాసన.
4. గోరు పచ్చరంగుకు తిరగడం. అది ఒక రకమైన బ్యాక్టీరియా పట్టిన గుర్తు.
5. వేలి నుంచి చేతిపైకి ఎర్రటి చార పాకడం, చంకలో గాని గజ్జల్లో గాని బిళ్ల కట్టడం.
6. సలుపుతో రాత్రి నిద్ర పట్టకపోవడం.
7. ఒక్క గోటిలోనే నల్లచార ఏర్పడి రోజురోజుకు వెడల్పు కావడం. ఇది అత్యవసరం కాకపోయినా వచ్చే విజిట్‌లో తప్పక చూపించాలి.

కీమో ఎక్కించిన 7వ రోజు నుంచి 14వ రోజు వరకు సాధారణంగా తెల్ల రక్తకణాలు బాగా తగ్గి ఉంటాయి. ఆ రోజుల్లో వేలి మీద చీము కూడా ఎక్కువగా కనిపించకపోవచ్చు, ఎందుకంటే చీము కట్టడానికి కావలసిన కణాలే తక్కువ. "చీము లేదు కదా, పర్వాలేదు" అనుకోవద్దు. ఇంట్లో థర్మామీటరు తప్పకుండా ఉండాలి. ముందు జ్వరం చూసుకోండి. చూడకుండా పారాసెటమాల్ వేసుకుంటే జ్వరం కప్పబడి, లోపలి ఇన్ఫెక్షన్ తెలియకుండా పోతుంది. జ్వరంతో వచ్చిన కీమో రోగికి ఆసుపత్రికి చేరిన గంటలోపే యాంటిబయాటిక్ మొదలుపెట్టాలన్నది వైద్యనియమం. అందుకే తెల్లారేదాకా ఆగకండి. అర్ధరాత్రయినా రండి, వాహనం దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి. వచ్చిన వెంటనే "నేను కీమో తీసుకుంటున్నాను" అన్న మాట ముందు చెప్పండి, కీమో కార్డు చూపించండి.

కీమో మీ అంతట మీరు ఆపకండి

గోళ్ల నొప్పి భరించలేక ఒక సైకిల్ ఎగ్గొట్టేవారున్నారు. నొప్పి నిజమే, మేము కాదనడం లేదు. అయితే దానికి ఇంట్లో తీసుకునే నిర్ణయం సరైన మందు కాదు. మీరు చెబితే డాక్టరుగారు చేయగలిగినవి చాలా ఉన్నాయి. నొప్పికి మందు ఇవ్వవచ్చు, ఇన్ఫెక్షన్‌కు చికిత్స చేయవచ్చు, మోతాదు తగ్గించవచ్చు, ఒక వారం వాయిదా వేయవచ్చు, అవసరమైతే మందే మార్చవచ్చు. వాయిదా ఆయన వేస్తే లెక్క ఆయన చేతిలో ఉంటుంది. మీరు చెప్పకుండా మానేస్తే ఆ లెక్క తప్పుతుంది.

కీమోకు వచ్చిన ప్రతిసారీ మేము కొన్ని ప్రశ్నలు అడుగుతాం. చొక్కా గుండీ, జాకెట్టు హుక్కు పెట్టుకోగలుగుతున్నారా? అన్నం కలుపుకోగలుగుతున్నారా? చెప్పు వేసుకుని నడవగలుగుతున్నారా? ఇవి పలకరింపు మాటలు కావు. మీ సమాధానాన్ని బట్టే సమస్య ఎంతవరకు వచ్చిందో కేస్‌షీటులో రాస్తాం, డాక్టరుగారు దాన్ని చూసే మోతాదు ఆలోచిస్తారు. "బాగానే ఉంది సిస్టర్" అని మమ్మల్ని సంతోషపెట్టకండి. మిషను కుట్టేవారు, డ్రైవర్లు, బీడీలు చుట్టేవారు తమ పని సంగతి కూడా చెప్పండి. చేతివేళ్ల మీద జీవనం సాగేవారికి ఈ సమస్య బరువు వేరు.

ఇంటివారికి, సంఘానికి

రోగి గోళ్లు కత్తిరించడం, నూనె రాయడం, పాదాలు చూడటం ఇంట్లో ఎవరో ఒకరు తమ పనిగా తీసుకోవాలి. భర్తలు, కొడుకులు కూడా ఈ పని చేయవచ్చు. ప్రభువు శిష్యుల పాదాలు కడిగాడని ప్రతి ఏడాదీ వింటున్నాం. భార్య పాదాలకు కొబ్బరినూనె రాయడానికి మొహమాటం దేనికి? మీ చేతికి చీముపుండు ఉంటే మాత్రం అది మానేవరకు వేరేవారు చేయాలి.

స్త్రీల సమాజం వారికి ఒక మనవి. చూడటానికి వెళ్లినప్పుడు పండ్లతోపాటు ఒక జత రబ్బరు గ్లౌజులు, ఒక థర్మామీటరు తీసుకెళ్లండి. వెళ్లిన పూట ఆ ఇంటి అంట్లు తోమి రండి. "అయ్యో, గోళ్లేంటి ఇలా అయ్యాయి!" అన్న మాట మాత్రం అనకండి.

చికిత్స ముగిశాక

చివరి కీమో అయిపోయాక కూడా కొందరికి ఒకటి రెండు కాలి గోళ్లు ఊడతాయి. దానికి భయపడకండి. జబ్బు తిరగబెట్టిందని కాదు, అంతకుముందు తగిలిన దెబ్బ ఇప్పుడు బయటపడుతోందని అర్థం. చేతి గోరు పూర్తిగా కొత్తది రావడానికి సుమారు 6 నెలలు, కాలి బొటనవేలి గోటికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. ఎక్కువమందికి మామూలు గోళ్లే తిరిగి వస్తాయి. కొందరికి కొంతకాలం మందంగానో, వంకరగానో రావచ్చు. ఏడాది దాటినా చేతి గోళ్లు సరిగా రాకపోతే ఫంగస్ ఉందేమో పరీక్ష చేయించుకోండి.

ఈసారి కీమోకు వచ్చినప్పుడు మీ ఫైలుతోపాటు మీ చేతులు కూడా మా ముందు పెట్టండి. చెప్పులు విప్పి పాదాలు చూపించండి. చిన్న విషయమని మేము విసుక్కోము. చిన్నగా ఉన్నప్పుడు చూడటమే మా పని. దేవుడు మీ చికిత్సను సఫలం చేయునుగాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్, వార్డు సిస్టర్లందరి తరఫున